చైనా వైద్యం, ఇంగ్లీషు వైద్యం కలిపి వాడొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లో ఉంటున్న కూతురు పంపిన మూలికల పొట్లాలు, చైనాలో ఎంబీబీఎస్ చదివే అబ్బాయి చెప్పే కబుర్లు, వాట్సాప్‌లో తిరిగే వీడియోలు. చైనా వైద్యం గురించి మనవాళ్లకు సందేహాలు వచ్చేది ఎక్కువగా ఈ దారుల్లోనే. పదేపదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇంగ్లీషు వైద్యం అన్నచోటల్లా ఆస్పత్రుల్లో చేసే అల్లోపతి అని అర్థం చేసుకోండి. ఇది చదివి మీ అంతట మీరు ఏ మందూ మొదలుపెట్టొద్దు, ఏ మందూ ఆపొద్దు.

చైనా ఆస్పత్రుల్లో నిజంగానే రెండు వైద్యాలూ కలిపి చేస్తారా?

చేస్తారు. పెద్ద జనరల్ ఆస్పత్రుల్లో గుండెకు, ఎముకలకు ఉన్నట్టే చైనా వైద్యానికీ ఒక విభాగం ఉంటుంది. 'చైనా వైద్య ఆస్పత్రి' అని బోర్డు పెట్టుకున్న చోట కూడా సీటీ స్కాన్, ఐసీయూ, యాంటీబయాటిక్స్ అన్నీ దొరుకుతాయి. డాక్టరు నాడి చూస్తారు, నాలుక చాపమంటారు, ఆ వెంటనే రక్తపరీక్షకు రాస్తారు. కషాయం ఇంట్లో కాచుకునే ఓపిక లేనివాళ్లకు ఆస్పత్రిలోనే కాచి, ప్లాస్టిక్ సంచుల్లో సీల్ చేసి ఇస్తారు. వేడినీళ్లలో కలుపుకుని తాగే పొడులూ వచ్చాయి.

అక్కడ 'కలపడం' ఎలా ఉంటుందో తెలియడానికి క్లోమం వాపు మంచి ఉదాహరణ. మనం పాంక్రియాటైటిస్ అని వింటుంటాం. తియాన్జిన్ నగరంలోని నాన్కాయ్ ఆస్పత్రిలో వూ షియాన్‌జోంగ్ అనే సర్జన్ కడుపులో హఠాత్తుగా వచ్చే ఇలాంటి జబ్బులకు రెండు పద్ధతులూ కలిపి చికిత్స చేసి పేరు తెచ్చుకున్నారు. రోగికి సెలైన్, నొప్పి మందులు మామూలుగానే పెడతారు. దాంతోపాటు స్తంభించిన పేగులు కదలడానికి రేవల్చిని వేరు ముఖ్యంగా ఉన్న కషాయాన్ని ముక్కు గొట్టం ద్వారా పంపిస్తారు. పరిస్థితి చేయి దాటితే ఆపరేషన్ చేయడానికి థియేటర్ పక్కనే ఉంటుంది. ఈ చివరి వాక్యాన్ని మన వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీల్లో తయారై సీసాల్లో, డబ్బాల్లో వచ్చే చైనా మందులను అక్కడ ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్లు కూడా విరివిగా రాస్తారు. చైనా వైద్యంలో శిక్షణ పొంది, పరీక్ష గట్టెక్కితేనే వాటిని రాయాలని 2019లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంటే అప్పటిదాకా ఆ పద్ధతి సరిగా తెలియకుండానే రాసినవాళ్లు తక్కువేమీ కాదన్నమాట.

ఈ కలపడం ఎప్పుడు మొదలైంది? మావోతోనేనా?

అంతకుముందే. జాంగ్ షీచున్ అనే చైనా వైద్యుడు (1860–1933) జ్వరానికి ఆస్పిరిన్ బిళ్లనీ జిప్సం కషాయాన్నీ కలిపి ఇచ్చేవాడు. ఆస్పిరిన్ చెమట పట్టిస్తుంది, జిప్సం లోపలి వేడిని తగ్గిస్తుంది అని ఆయన లెక్క. జర్మనీ నుంచి వచ్చిన బిళ్లని తన శాస్త్రం పరిభాషలో వివరించి వాడుకున్నాడు. ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. ఆ వివరణ నమ్మాలా వద్దా అనేది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే ఎదురుగాలీ వీచింది. జపాన్‌లో చదువుకొచ్చిన యూ యున్‌షియూ అనే డాక్టరు చైనా వైద్యాన్ని పూర్తిగా ఎత్తేయాలని 1929లో ప్రతిపాదిస్తే ప్రభుత్వ ఆరోగ్య కమిటీ ఆమోదించింది. మార్చి 17న దేశం నలుమూలల నుంచి వైద్యులు షాంఘైలో పోగై గొడవ చేయడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వానికి కోట్లాది జనం, గుప్పెడు మంది డాక్టర్లు మిగిలారు. ఊళ్లలో ఉన్నది చైనా వైద్యులే. 1955లో బీజింగ్‌లో చైనా వైద్య అకాడమీ పెట్టారు. ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్లను కూర్చోబెట్టి చైనా వైద్యం నేర్పే కోర్సులు మొదలయ్యాయి. చైనా వైద్యం గొప్ప నిధి, దాన్ని తవ్వి తీసి మెరుగుపరచాలని 1958లో మావో రాశాడు. 1982 రాజ్యాంగంలో రెండు వైద్యాలనూ అభివృద్ధి చేయాలన్న మాట చేర్చారు. చైనా వైద్యానికంటూ ఒక ప్రత్యేక చట్టం 2017 జులై 1న అమల్లోకి వచ్చింది.

చైనా శాస్త్రవేత్త తూ యూయూకి నోబెల్ వచ్చింది చైనా వైద్యం వల్లనేనా?

అవుననేవాళ్లూ కాదనేవాళ్లూ ఇద్దరూ సగం కథే చెబుతారు. వియత్నాం యుద్ధంలో సైనికులను తూటాల కంటే మలేరియా ఎక్కువ బాధించింది. పాత మందు క్లోరోక్విన్‌కు క్రిమి లొంగడం మానేసింది. 1967 మే 23న చైనా సైన్యం రహస్యంగా ఒక పథకం మొదలుపెట్టింది. తేదీని బట్టి దాని పేరు 523. బీజింగ్ అకాడమీలో పనిచేసే తూ యూయూ 1969లో అందులో చేరారు. ఆమె చదివింది ఆధునిక ఫార్మసీ. తర్వాత రెండున్నరేళ్లు చైనా వైద్యం కోర్సు చేశారు. రెండు భాషలూ తెలిసిన మనిషి అన్నమాట.

ఆమె బృందం పాత గ్రంథాలు తిరగేసి, వందలాది మూలికలను ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. 4వ శతాబ్దంలో గె హోంగ్ రాసిన అత్యవసర చికిత్సల పుస్తకంలో ఒక వాక్యం ఉంది: గుప్పెడు చింగ్‌హావ్ తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం మొత్తం తాగాలి. కాచమని లేదు! వేడికి మందు పాడవుతోందేమో అని ఆమెకు తట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. మరుసటేడు ఆమె, ఇద్దరు సహచరులు ముందుగా తామే ఆ సారం మింగి చూశారు. అందులోంచి వేరుచేసిన మందే ఆర్టెమిసినిన్. 2015లో వైద్య నోబెల్‌లో సగం ఆమెకిచ్చారు.

ఈ బహుమతి సంప్రదాయ వైద్యానికి ఇచ్చింది కాదని నోబెల్ కమిటీ వాళ్లే అన్నారు. నిజమే, ఎలుకలు, ఈథర్, మనుషుల మీద ప్రయోగాలు లేకపోతే గె హోంగ్ వాక్యం ఇంకా పుస్తకంలోనే ఉండేది. కానీ ఆ వాక్యం లేకపోతే ఆమెకు ఆ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చేది? పాత పుస్తకం జాడ చెప్పింది, ప్రయోగశాల నిజం తేల్చింది. ఈ రెండు వైద్యాల కలయికలో నిలబడినవి దాదాపు అన్నీ ఈ దారిలో వచ్చినవేనని నా అభిప్రాయం. కింద చెప్పబోయే గెలుపులనూ ఓటములనూ ఈ కొలతతోనే చూడండి.

మలేరియా మన సమస్య కూడా కదా. ఆ మందు ఇక్కడ వాడుతున్నారా?

రోజూ వాడుతున్నారు. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. ఇవాళ పాడేరు, అరకు ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియా వచ్చిన మనిషికి పీహెచ్‌సీలో ఇచ్చే బిళ్లల్లో ఒకటి ఆర్టెమిసినిన్ కుటుంబానిదే. దాన్ని ఒంటరిగా ఇవ్వరు, ఇంకో మందు జత చేసి ఇస్తారు. ఒక్కటే ఇస్తే క్రిమి దానికీ అలవాటు పడిపోతుంది. కోర్సు మధ్యలో జ్వరం తగ్గిందని బిళ్లలు ఆపేయకూడదనేది కూడా అందుకే.

మాచిపత్రి కూడా ఆ జాతి మొక్కేనట. కషాయం తాగితే మలేరియా తగ్గుతుందా?

తగ్గదు. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి, మాలల్లో కట్టే దవనం, చైనా చింగ్‌హావ్ మూడూ ఒక్క కుటుంబమే. కానీ మలేరియా మందు వచ్చేది చింగ్‌హావ్ నుంచే. పైగా కాస్తే ఆ మందు దెబ్బతింటుందని ఇప్పుడే చదివారు కదా. మలేరియా అనుమానం ఉంటే రక్తపరీక్షే దారి.

పాషాణంతో బ్లడ్ క్యాన్సర్ నయం చేశారంటారు. నిజమా?

ఒక రకం బ్లడ్ క్యాన్సర్ విషయంలో నిజం. దాని పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా, డాక్టర్లు ఏపీఎల్ అంటారు. ఒకప్పుడు ఇది వచ్చినవాళ్లు రక్తస్రావంతో రోజుల్లోనే పోయేవారు.

చైనా ఈశాన్యంలో హార్బిన్ అనే చలి ఊరు ఉంది. 1970ల మొదట్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక నాటు మందు తిరుగుతుండేది. అందులో పాషాణం (ఆర్సెనిక్), పాదరసపు ఉప్పు, కప్ప విషం కలిపేవాళ్లు. హార్బిన్ వైద్య కళాశాలకు చెందిన జాంగ్ టింగ్‌డాంగ్, హాన్ తాయ్‌యున్ దాన్ని ఇంజెక్షన్‌గా మార్చి క్యాన్సర్ రోగుల మీద చూశారు. తర్వాత ఒక్కొక్క పదార్థాన్నీ తీసేస్తూ పోతే పనిచేస్తున్నది పాషాణం ఒక్కటేనని తేలింది. మిగతా రెండూ విషం పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఇంకో పక్క షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే డాక్టరు విటమిన్ ఎ కి బంధువైన ఏట్రా అనే మందుతో ఇదే జబ్బును లొంగదీశారు. ఆయన శిష్యుడు చెన్ జూ బృందం ఈ రెండు మందులూ క్యాన్సర్ కణం లోపల ఏం చేస్తాయో విప్పి చూపింది. 2000లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను ఆమోదించింది.

2013లో ఇటలీ, జర్మనీ డాక్టర్లు తీవ్రత తక్కువ ఉన్న ఏపీఎల్ రోగుల్లో ఒక పోలిక ప్రచురించారు. ఒక గుంపుకు ఏట్రా, ఆర్సెనిక్ ఇచ్చారు. రెండో గుంపుకు ఏట్రా, మామూలు కీమో ఇచ్చారు. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, ఇతర ఆటంకం లేకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 97 శాతం, రెండోదాంట్లో 86 శాతం. కీమో లేకుండా ఒక తీవ్రమైన లుకేమియా నయమవడం చిన్న మాట కాదు. మనకు దగ్గర్లో వెల్లూరు సీఎంసీ డాక్టర్లు కూడా ఆర్సెనిక్ ఒక్కదానితోనే చికిత్స చేసి మంచి ఫలితాలు ప్రచురించారు. ఖరీదైన మందులు కొనలేని మన రోగులకు అది పెద్ద ఊరట. చైనాలో మణిశిల, నీలిమందు కలిపిన బిళ్ల కూడా ఇదే జబ్బుకు వాడుతున్నారు.

ఇదంతా చదివి ఎవరైనా పాషాణం భస్మం కోసం వెతికితే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పత్రిలో ఈ మందు పెట్టేటప్పుడు ఈసీజీ, పొటాషియం తరచూ చూస్తూనే ఉంటారు. గుండె లయ తప్పే ప్రమాదం అంత ఉంటుంది.

గుండెపోటుకు తేళ్లు, జెర్రులు కలిపిన మందు పనిచేసిందని వార్త చూశాం. అది నమ్మొచ్చా?

ఆ మందు పేరు తోంగ్‌షిన్‌లువో. అందులో జిన్‌సెంగ్‌తో పాటు జలగ, తేలు, జెర్రి పొడులుంటాయి. తీవ్రమైన గుండెపోటు వచ్చిన 3,777 మందిని చైనాలోని 124 ఆస్పత్రుల్లో చేర్చుకుని, సగం మందికి ఈ క్యాప్సూల్, సగం మందికి ఉత్త క్యాప్సూల్ ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ డాక్టరుకీ తెలియదు. నెల రోజుల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి అసలు మందు వాడినవాళ్లలో 3.4 శాతం, ఉత్తది వాడినవాళ్లలో 5.2 శాతం. 2023లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. పద్ధతిగా చేసిన పరీక్షే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రోగులందరికీ ఇంగ్లీషు వైద్యం ముందే అందుతోంది. రక్తనాళం తెరిచే చికిత్స, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ అన్నీ ఇచ్చి, వాటి పైన ఈ క్యాప్సూల్ వేశారు. 'స్టెంట్ అవసరం లేదు' అని ఆ పరీక్ష చెప్పలేదు. పైగా జరిగింది ఒక్క చైనాలోనే. ఇతర దేశాల్లోనూ ఇదే ఫలితం వస్తే అప్పుడు మన డాక్టర్లు ఆలోచిస్తారు.

ఇలాంటి పరీక్షలో ఓడిపోయిన మందులూ ఉన్నాయి. మెదడులో రక్తస్రావమై పక్షవాతం వచ్చినవాళ్లకు చైనాలో చాలాకాలంగా వాడుతున్న ఒక మూలికా మిశ్రమాన్ని ఇలాగే పరీక్షించి, 2024లో బ్రిటన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఫలితం ప్రచురించారు. కోలుకోవడంలో తేడా ఏమీ కనిపించలేదు. ఓడిన ఫలితాన్ని దాచకుండా బయటపెట్టినందుకు ఆ పరిశోధకులను మెచ్చుకోవాలి. కొత్తగా గెలిచిన మందు కంటే ఇలాంటి కాగితమే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

సూదులు గుచ్చి, మత్తు లేకుండానే ఆపరేషన్లు చేస్తారట కదా?

ఈ కథ మొదలైంది 1971 జులైలో. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ బీజింగ్ వెళ్లినప్పుడు అపెండిసైటిస్ వచ్చింది. అక్కడే ఆపరేషన్ చేశారు. ఆ ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. ఆ తర్వాత కడుపు ఉబ్బరం, నొప్పితో బాధపడుతుంటే ఆక్యుపంక్చర్ సూదులు పెట్టారు. ఆయన దాన్ని పత్రికలో రాశాడు. జనం నోళ్లలో పడి అది 'సూదులతోనే ఆపరేషన్' అయిపోయింది. ఆ రోజుల్లో చైనాలో ఆక్యుపంక్చర్‌తో ఆపరేషన్లు చేసి విదేశీ అతిథులకు చూపించిన మాట వాస్తవం. కానీ ఆ రోగుల్లో చాలామందికి వేరే నొప్పి మందులు, స్థానిక మత్తు కూడా ఇచ్చేవారు.

మరి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా, లేదా?

నడుం నొప్పి మీద జర్మనీలో 1,162 మందితో ఒక పెద్ద పరీక్ష చేశారు, 2007లో ప్రచురించారు. ఆరు నెలల తర్వాత సరైన ఆక్యుపంక్చర్ తీసుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. మందులు, వ్యాయామం లాంటి మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో అది 27.4 శాతమే. ఇక్కడిదాకా బాగుంది. మూడో గుంపుకు కావాలనే తప్పు చోట్ల, పైపైన సూదులు గుచ్చారు. వాళ్లలో 44.2 శాతం మందికి మేలు కనిపించింది!

అంటే సూది ఎక్కడ గుచ్చారన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. ఎవరో శ్రద్ధగా అరగంట మన నొప్పిని పట్టించుకోవడం, నయమవుతుందన్న ఆశ, గుచ్చినప్పుడు నరాలు స్పందించే తీరు, ఇవన్నీ కలిసి పనిచేసి ఉండొచ్చు. దీర్ఘకాలపు నొప్పులకు, కీమో వల్ల వచ్చే వికారానికి ఇంగ్లీషు మందుతో పాటు ప్రయత్నించడంలో తప్పు లేదు. షుగర్, కిడ్నీ ఫెయిల్యూర్, వినికిడి లోపం తగ్గిస్తామనే బోర్డు చూస్తే అటు వెళ్లకండి.

సూది విషయంలో కొన్ని జాగ్రత్తలు. మీ ముందే కొత్త ప్యాకెట్ చించాలి, వాడి పారేయాలి. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలున్నాయి. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. సూదులకు కరెంటు పెట్టే పద్ధతి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పనికిరాదు.

మూలికలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి?

1990ల మొదట్లో బెల్జియంలో ఒక బరువు తగ్గించే క్లినిక్‌కు వెళ్లిన ఆడవాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు చెడిపోవడం మొదలైంది. లెక్క తేలేసరికి సుమారు వంద మంది. వాళ్లకిచ్చిన బిళ్లల్లో ఇంగ్లీషు మందులతో పాటు చైనా మూలికలు కలిపారు. వేయాల్సిన మూలిక ఒకటి, ఇంచుమించు అదే పేరున్న ఇంకో మూలిక వచ్చి కలిసింది. ఆ రెండోదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అది కిడ్నీని ఎండబెట్టడమే కాక, ఏళ్ల తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. చైనాలోనే ఎంతో పేరున్న ఒక 'లివర్ వేడి' బిళ్లల్లోనూ ఈ కుటుంబపు మూలిక వాడేవారు. 2003లో ఆ మూలికను నిషేధించారు.

ఇది మనకెందుకంటే, ఈ కుటుంబపు మొక్కలు మన గట్ల మీదా ఉన్నాయి. నల్లేశ్వరి, గాడిదగడప అదే జాతి. పాము కాటుకనీ, పురుగులకనీ నాటు వైద్యంలో వాడే అలవాటు ఉంది. మా తాతల నుంచి వాడుతున్నాం, ఎవరికీ ఏం కాలేదు అంటారు. కిడ్నీ నెమ్మదిగా, నొప్పి లేకుండా చెడిపోతుంది కాబట్టి ఫలానా ఆకు వల్లే అయిందని తాతలకు తెలిసే వీలు లేదు. ఆ విషయం తేలడానికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు, బయాప్సీలు రావాల్సి వచ్చింది.

రెండు రకాల మందులూ కలిస్తే ఏం ప్రమాదం?

జపాన్ అనుభవం చాలామందికి తెలియదు. చైనా నుంచి వెళ్లిన షియావ్ ఛైహూ తాంగ్ అనే కషాయాన్ని జపాన్‌లో షో-సైకో-టో పేరుతో లివర్ జబ్బుకు డాక్టర్లే విరివిగా రాసేవాళ్లు. హెపటైటిస్‌కు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వచ్చాక రెండూ కలిపి ఇచ్చారు. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసంతో రోగులు ఆస్పత్రులకు రావడం మొదలైంది. 1996లో 10 మరణాలు బయటపడ్డాక ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక జారీ చేసింది. ఇంటర్‌ఫెరాన్ వాడేవాళ్లకు ఆ కషాయం ఇవ్వకూడదని నిషేధం ఉంది. విడివిడిగా రెండూ పేరున్న మందులే, రాసిందీ చదువుకున్న డాక్టర్లే.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది రక్తం పలచన చేసే వార్ఫరిన్ సమస్య. గుండెలో వాల్వు మార్పించుకున్నవాళ్లు ఇది రోజూ వేసుకుంటారు. చైనా వైద్యంలో గుండెకు తరచూ ఇచ్చే డాన్‌షెన్ వేరు, ఆడవాళ్లకు ఇచ్చే డాంగ్‌గ్వీ వేరు వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారి తీయగలవు. జిన్‌సెంగ్ దానికి వ్యతిరేకంగా ప్రభావాన్ని తగ్గించవచ్చు, అప్పుడు వాల్వు మీద గడ్డ కట్టే భయం. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) ఉన్నట్టుండి పైకో కిందికో పోతే డాక్టరు 'కొత్తగా ఏమైనా తీసుకుంటున్నారా' అని అడిగేది ఇందుకే.

అతిమధురం ఇంకో దొంగ. దగ్గుకు మనమూ నములుతాం. చైనా కషాయాల్లో ఇది లేనివి తక్కువ. నెలల తరబడి ఎక్కువ మోతాదులో పడితే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. బీపీకి నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది), గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు ఇది మరీ ప్రమాదం.

కషాయానికీ బిళ్లకీ మధ్య గంట గ్యాప్ ఇస్తే సరిపోతుంది కదా?

కడుపులో ఒకదానికొకటి అడ్డం పడకుండా ఉండటానికి గ్యాప్ పనికొస్తుంది. పైన చెప్పిన గొడవలు జరిగేది కడుపులో కాదు, లివర్‌లో, రక్తంలో, కిడ్నీలో. వార్ఫరిన్ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. దానికి గంట గ్యాప్ ఏ మూలకు?

క్యాన్సర్‌కి కీమో మానేసి చైనా మందులు వాడొచ్చా?

వద్దు. యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, నయం చేయగల దశలో ఉన్న క్యాన్సర్‌కు మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయాలే వాడుకున్నవాళ్లలో మరణం ముప్పు రెండున్నర రెట్లు. చైనాలో కూడా పెద్ద ఆస్పత్రుల్లో మూలికలు ఇచ్చేది కీమోతో పాటే. ఆకలి, నిద్ర, నీరసం బాగుపడటానికే ఎక్కువగా వాడతారు. అది కూడా కీమో ఇచ్చే డాక్టరుకు తెలిసి జరగాలి. ఆపరేషన్ ఉంటే మూలికలన్నీ సాధారణంగా రెండు వారాల ముందే ఆపమంటారు.

సింగపూర్, మలేషియా నుంచి మావాళ్లు తెచ్చిన చైనా మందులు వాడొచ్చా?

సింగపూర్‌లో చైనా వైద్యులకు రిజిస్ట్రేషన్ ఉంది, మందులకు ప్రభుత్వ తనిఖీ ఉంది. అలాంటి చోట కూడా 2008లో షుగర్ లేని 150 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆస్పత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. వాళ్లు చాటుమాటుగా కొన్న 'శక్తి' మందుల్లో షుగర్ బిళ్ల గ్లైబెన్‌క్లమైడ్ కలిసి ఉంది. వాటిలో కొన్ని మూలికా మందులుగా అమ్ముడైనవే. కీళ్ల నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు, బరువు తగ్గించే టీల్లో నిషేధించిన మందులు దొరకడం వివిధ దేశాల్లో మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది. రెండు వైద్యాల కలయికలో అన్నిటికన్నా చెడ్డది ఇదే, చెప్పకుండా కలిపేది. మూడు రోజుల్లో మోకాళ్ల నొప్పులు మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి.

ఇంకొకటి. హ్వాంగ్‌లియాన్ అనే చేదు వేరులో, మన మానుపసుపులో బెర్బెరిన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిబిడ్డలకు కామెర్లు ముదురుతున్నాయని సింగపూర్ దాన్ని 1978లో నిషేధించింది. తర్వాతి కాలంలో ఆ నిషేధం సడలించింది. అయినా బాలింతలకు, పసిపిల్లలకు ఈ పొడులు ఇవ్వొద్దు.

మన దేశంలో చైనా వైద్యానికి గుర్తింపు ఉందా?

మూలికా వైద్యానికి లేదు. ఆయుష్ పద్ధతుల జాబితాలో చైనా వైద్యం లేదు. ఆక్యుపంక్చర్ మాత్రం వాడుకలో ఉంది. దాని వెనక ఒక మంచి కథ ఉంది. జపాన్ దాడి చేసినప్పుడు చైనాకు సాయంగా 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కొట్నిస్ అక్కడే 1942లో కన్నుమూశాడు. ఆ ఐదుగురిలో ఒకరైన బి.కె. బసు తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు.

చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు విద్యార్థులకు చైనా వైద్యం ఒక సబ్జెక్టుగా ఉంటుంది. అది పరిచయం మాత్రమే. దాంతో ఎవరూ చైనా వైద్యులు అయిపోరు.

చైనా వైద్యానికీ మనకూ పాత సంబంధం ఏమైనా ఉందా?

కంటి వైద్యంలో ఉంది. కంటి శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టే పద్ధతి సుశ్రుతుడు రాసిందే. బౌద్ధుల వెంట అది చైనా చేరింది. అక్కడి పాత కంటి వైద్య గ్రంథం ఒకటి ఏకంగా నాగార్జునుడి పేరు మీదే ఉంది. ఆయన రాశాడని కాదు, ఆ పేరుకు అంత విలువ. 1975లో మావోకు శుక్లాలు ముదిరి చూపు మందగిస్తే, తాంగ్ యోజీ అనే కంటి డాక్టరు ఆ సూది పద్ధతినే ఆధునిక కంటి శాస్త్రంతో మెరుగుపరిచి ఒక కంటికి చూపు తెప్పించారు. ఇప్పుడు ఆ పద్ధతికి కాలం చెల్లింది. లెన్స్ వేసే ఆపరేషన్ దానికంటే ఎన్నో రెట్లు క్షేమం. ఊళ్లలో సూదితో శుక్లం తీస్తామని ఎవరైనా వస్తే వెళ్లగొట్టండి.

అలుగు (పాంగోలిన్) పొలుసులు మందుకే తీసుకెళ్తారా?

అవును, మన అడవుల్లో అలుగులను వేటాడేది చాలావరకు ఆ పొలుసుల కోసమే. 2020లో చైనా తన అధికారిక ఔషధ గ్రంథం నుంచి వాటిని తీసేసింది. కానీ అప్పటికి పాత మిశ్రమాల్లో కొన్నిటిలో అవి మిగిలే ఉన్నాయి. ఆ పొలుసు మన గోరు లాంటి కెరటిన్. మన దేశంలో అలుగును ముట్టుకుంటే జైలే.

మూలికలు వాడుతున్నానని చెబితే డాక్టరు కసురుకుంటారు. ఏం చేయాలి?

కసురుకుంటారనే భయంతోనే చాలామంది దాస్తారు, ప్రమాదాలూ అక్కడే పుడతాయి. డాక్టర్ల వైపు కూడా తప్పుంది. 'అవన్నీ మానెయ్' అని ఒక్క ముక్కతో తేల్చేస్తే రోగి మూలికలను మానడు, చెప్పడం మానేస్తాడు. అందుకని ఇలా చేయండి. పొట్లం మీద ఉన్న చైనా అక్షరాలు, లాటిన్ పేర్లు కనిపించేలా ఫోటో తీసుకోండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎంత వాడుతున్నారో రాసుకోండి. 'ఇది మంచిదా' అని కాకుండా, 'నా బిళ్లలతో పడుతుందా, ముందు లివర్, క్రియాటినిన్ ఒకసారి చూస్తారా' అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం డాక్టరుకూ తేలిక. మూలికలు ఇచ్చినవాళ్లకు కూడా మీ ఇంగ్లీషు మందుల చీటీ చూపించండి. చూడటానికి ఇష్టపడకపోతే వేరేవాళ్లను వెతుక్కోండి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, తగ్గినా, కాళ్లు వాచినా, కొత్తగా ఆయాసం వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ఆ పూటే మూలికలు ఆపి ఆస్పత్రికి వెళ్లండి. గుండె, బీపీ బిళ్లలను మాత్రం సొంతంగా ఆపకండి. మిగిలిన పొట్లం పారేయకుండా వెంట తీసుకెళ్లండి, అందులో ఏముందో పరీక్ష చేయించాల్సి రావచ్చు.